బుద్ధి చెప్పే ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందో చూడండి

ఇంట్లో ఒకరికి నిద్ర పట్టదు, చిన్నదానికే కసురుకుంటారు, షుగర్ మాత్రలు వేసుకోమంటే వినరు, చీకటి పడితే కాళ్ళు బ్రాందీ షాపు వైపే పోతాయి. అప్పుడు మన ఇళ్ళలో జరిగేది ఒకటే, బుద్ధి చెప్పడం. "మనసు గట్టి చేసుకో", "కష్టాలు ఎవరికి లేవు", "ఆ తాగుడొకటి మానితే అన్నీ సర్దుకుంటాయి". ఇలా చెప్పినందుకు ఎవరికైనా తగ్గడం మీరు చూశారా? నేను చూడలేదు. చెప్పేవాళ్ళకి గొంతు పోతుంది, వినేవాళ్ళకి ఇంకో అవమానం మిగులుతుంది, అంతే.

తిరుపతి, చిత్తూరు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సంసారం, ఉద్యోగం, అప్పులు మోస్తున్న పెద్దవాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మా పొదుపు సంఘంలోవాళ్ళతో, మా బంధువులతో కూర్చుని, వాళ్ళకి తోడుగా ఆసుపత్రులకు వెళ్ళి తెలుసుకున్నదే ఇక్కడ చెబుతున్నా. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, అందులోనూ ముప్పై నుంచి యాభై లోపు వాళ్ళకి ఎక్కువ. అది పిల్లల్ని చదివించే వయసు, ముసలివాళ్ళని చూసుకునే వయసు, ఈఎంఐలు కట్టే వయసు. వాళ్ళందరికీ ఒక్కసారిగా ధైర్యం తక్కువైపోయిందంటే నేను నమ్మను. ఆ వయసులో మీద పడే బరువులు అలాంటివి.

ముందు నిన్నటి రోజు రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకోండి. నిన్న లేచినప్పటి నుంచి ఈరోజు లేచేదాకా ఏం జరిగిందో గంటగంటకీ రాయండి. నిన్నటిదే రాయాలి. "మామూలుగా ఎలా ఉంటుంది" అని రాయొద్దు, మామూలు అనేసరికి మనకు తెలియకుండానే మంచిగా రాసేసుకుంటాం. ఎన్నింటికి పడుకున్నారు, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు తిన్నారు, టీలు ఎన్ని, సిగరెట్టో గుట్కానో ఎప్పుడు గుర్తొచ్చింది, ఎవరితో నవ్వుతూ మాట్లాడారు, ఎవరి ఫోను వస్తే గుండె దడదడలాడింది, అన్నీ రాయాలి. తన గురించి తను రాసుకోలేని మనిషైతే మీరు పక్కన కూర్చుని అడిగి రాయండి, మధ్యలో సలహాలు మాత్రం ఇవ్వొద్దు.

దీనివల్ల ఏం తెలుస్తుందో ఒకటి చెప్తాను. మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకున్న అక్క ఉంది. బీపీ మాత్ర రోజూ వేసుకోదని ఆమె కొడుక్కి కోపం, "ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు" అని అందరి ముందూ అరుస్తాడు. ఆమె దగ్గర కూర్చుని కాగితం రాస్తే తేలిందేంటంటే, మూడింటికి లేస్తుంది, చట్నీ, సాంబారు, పిండి సర్దుకోవడం, ఐదున్నరకి బండి దగ్గర, పది దాటేదాకా నిలబడే ఉంటుంది. డాక్టరు గారు "టిఫిన్ తిన్నాక వేసుకోమ్మా" అన్నారు. ఆమె తినేది పదకొండుకి, ఒక్కో రోజు అదీ ఉండదు. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే ఏమవుతుందో అని భయం, తిన్నాక ఇంటికి పోయి పడుకునే హడావిడిలో మరిచిపోవడం. దీన్ని నిర్లక్ష్యం అని ఎలా అంటాం? తర్వాత డాక్టర్ని అడిగితే, ఆమెకి రాసిన మాత్ర టిఫిన్‌కి ముందు వేసుకున్నా ఇబ్బంది లేదని, రోజూ ఒకే టైముకి పడితే చాలని చెప్పారు (అన్ని మాత్రలకీ ఇది వర్తించదు, మీవి మీరు అడగాలి). ఇప్పుడు ఆ స్ట్రిప్ చిల్లర డబ్బాలో ఉంటుంది. పొద్దున మొదటి బోణీ చిల్లర ఇచ్చేటప్పుడు మాత్ర కూడా చేతికి తగులుతుంది, అక్కడే వేసేసుకుంటుంది.

ఏ మంచి అలవాటైనా నిలవాలంటే తెలిసుండాలి, చేసే వీలుండాలి, చేయాలనిపించాలి. మనం ఎప్పుడూ మొదటిదాని మీదే పడతాం. తెలియక కాదు, వీలు లేకే చాలామంది ఆగిపోతారు. కాగితం రాసేది ఆ వీలు ఎక్కడ తెగిపోయిందో కనుక్కోవడానికే.

ఒంటి సంగతి తేల్చుకోండి

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, విటమిన్ బి12 తక్కువైనా నీరసం, దిగులు, మతిమరుపు, దేనిమీదా ధ్యాస లేకపోవడం ఉంటాయి, చూడ్డానికి డిప్రెషన్ లాగే ఉంటుంది. షుగర్‌కీ డిప్రెషన్‌కీ రెండు వైపులా ముడి, ఒకటి ఉన్నవాళ్ళకి రెండోది వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఒక రక్తపరీక్ష చేయించాకే మిగతా మాటలు. ముప్పై దాటిన వాళ్ళకి బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వం తరఫున ఉచితంగా చేస్తారు, మీ ఏఎన్ఎమ్‌నో ఆశా కార్యకర్తనో అడగండి.

అలాగే దీన్ని తిరగేసి కూడా చూడాలి. మన ఆడవాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అనరు. తల దిమ్ముగా ఉంది, ఒళ్ళంతా మంటలు, చేతులు కాళ్ళు పీకుతున్నాయి, గుండె దడ అంటారు. స్కానింగులన్నీ బాగానే ఉన్నా నొప్పులు పోవడం లేదంటే ఆమె నటిస్తోందని కాదు, డిప్రెషన్ ఒంటి నొప్పుల రూపంలో రావడం డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. అలాంటప్పుడు నాలుగో స్కానింగుకి డబ్బు పెట్టకుండా ఒకసారి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

రాత్రి డ్యూటీలు

తిరుపతిలో అర్ధరాత్రి బస్టాండుకి పోయినా టీ దొరుకుతుంది. ఆ టీ కాచేవాళ్ళు, లాడ్జీలో తాళాలిచ్చేవాళ్ళు, టాక్సీ తోలేవాళ్ళు, తెల్లవారకముందే కొండకి బస్సు నడిపేవాళ్ళు, రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసే పిల్లలు, వీళ్ళందరి నిద్రా పగలే. పగలు పడుకుంటే పక్కింటివాళ్ళకి కూడా చులకనే, "ఇంకా లేవలేదా" అని. నిద్ర చెడిన మనిషికి చిరాకు, దిగులు, తీపి మీద యావ, అన్నీ పెరుగుతాయి, ఆ మనిషి గుణం చెడ్డదై కాదు.

చేయగలిగినవి ఉన్నాయి. డ్యూటీ అయిపోయే ముందు నాలుగైదు గంటలు టీ, కాఫీ ముట్టొద్దు, తాగిన కాఫీలో సగం ప్రభావం సుమారు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. కిటికీకి దుప్పటైనా సరే కట్టి గది చీకటి చేయండి. ఇంట్లో పిల్లలకి, ముసలివాళ్ళకి కలిపి ఒక మాట చెప్పి పెట్టుకోండి, ఫలానా టైము దాకా ఇల్లు తగలబడుతుంటే తప్ప లేపొద్దని. షిఫ్టు మార్పు అడిగే వీలుంటే, వారంవారం తిప్పే బదులు ఎక్కువ రోజులు ఒకే షిఫ్టు అడగండి. నిద్ర కోసం రెండు పెగ్గులు వేసుకోవడం మాత్రం తప్పుదారి. తాగితే తొందరగా కన్ను మూతపడుతుంది గాని రెండో సగం నిద్ర ముక్కలైపోతుంది, అందుకే తాగిన రాత్రి ఎంతసేపు పడుకున్నా పొద్దున ఒళ్ళు తేలిక పడదు.

మాల వేసుకున్నప్పుడు మానేసినవాడు మాల తీశాక ఎందుకు తాగుతాడు

ఈ ప్రశ్న నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే చుట్టూ ఉన్నది మనిషిని ఎంత మారుస్తుందో ఇంతకంటే బాగా చూపించేది ఇంకోటి లేదు. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు రోజూ తాగే మనిషి కూడా చుక్క ముట్టడు. సిగరెట్టు లేదు, చెప్పులు లేవు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం. అదే మనిషి మాల తీసిన మర్నాడు మళ్ళీ షాపు ముందు కనిపిస్తాడు. ఇంట్లోవాళ్ళు అనేది "దేవుడి భయం ఉంటేనే మానతాడు, మా మీద ప్రేమ లేదు" అని. అది అన్యాయం.

ఆ 41 రోజుల్లో ఏమేం మారాయో లెక్క చూడండి. తాగే స్నేహితులు పిలవరు. పొద్దున లేచే టైము మారింది, సాయంత్రం పూట (తాగాలనిపించే సమయం సరిగ్గా అదే) భజనకో పూజకో పోవాల్సిన పని పడింది. పక్కన తనలాంటివాళ్ళు పదిమంది ఉన్నారు. నిన్నటిదాకా "తాగుబోతు" అన్నవాళ్ళే "స్వామీ" అని పిలుస్తున్నారు, కూతురు కూడా. ఎన్నాళ్ళు అన్నదానికి ఒక హద్దుంది. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి, వదిలేసిన చోటికే మనిషి తిరిగొస్తాడు. అలాంటప్పుడు తాగకపోతే ఆశ్చర్యపోవాలి.

కాబట్టి మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే మాల తీసే రోజు రాకముందే కూర్చుని మాట్లాడుకోండి, ఈ రోజుల్లో ఉన్నవాటిలో ఏ రెండు మూడు ఆ తర్వాత కూడా ఉంచుకోగలం అని. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఎక్కడుండాలి అన్నది మొదట తేల్చండి, వారానికి ఒకసారైనా అదే గుంపుతో కలవడం రెండోది. ఇంట్లోవాళ్ళు పిలిచే పిలుపు మూడోది, మర్యాద ఒక్కరోజులో వెనక్కి లాక్కోవద్దు. మాల వేసుకోనివాళ్ళకీ ఇదే లెక్క పని చేస్తుంది: తాగుడు మానమని పోరే బదులు తాగే గంటలో వేరే పని, వేరే మనుషులు ఉండేలా చూడాలి. గుట్కా, సిగరెట్టు మానాలనుకునేవాళ్ళకి 1800-11-2356 అని ఉచిత ఫోన్ నంబరు ఉంది, మందు, మత్తు అలవాట్లకి 14446.

ఒక జాగ్రత్త. పొద్దున లేవగానే చేతులు వణికి, రెండు గుక్కలు పడితే గాని వణుకు తగ్గని మనిషి, ఉన్నట్టుండి ఒక్కరోజులో మానేయకూడదు. ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడి కేకలు పెట్టొచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. అలాంటివాళ్ళు మాల వేసుకోవాలన్నా ముందే డాక్టరుకి చూపించుకుని, మాత్రలతో మానాలి.

అప్పు

చిత్తూరు వైపు పాడి, మామిడి, బోరు మీద బతికే ఇళ్ళలో తోతాపురి ధర పడిపోయిన ఏడాది ఎవరికీ నిద్ర పట్టదు, దానికి ధ్యానం చేయమంటే ఏం లాభం. అప్పు మనసులో తిరుగుతున్నంతసేపు పెద్దగా, కాగితం మీద పెడితే ఒక అంకెగా ఉంటుంది. ఎవరికి, ఎంత, నూటికి ఎంత వడ్డీ, కట్టకపోతే ఏం చేస్తారు, ఈ నాలుగూ ఒక్కో అప్పుకీ రాయండి. ఇంట్లో తెలియని అప్పు ఏదో దాని పక్కన గుర్తు పెట్టండి. మనిషిని తినేసేది ఎక్కువగా అదే, పెద్ద మొత్తం కాకపోయినా. దాన్ని ఒక్కరికైనా, భార్యకో అన్నకో, ఈ వారంలో చెప్పేయండి. గొడవ అవుతుంది. అవనివ్వండి, దాచి పెట్టుకున్నంత కాలం అప్పు బరువూ, దాచిన బరువూ రెండూ లోపల మీరొక్కరే మోస్తున్నారు.

వసూలుకి వచ్చేవాళ్ళకి కూడా హద్దులున్నాయి, అవి తెలియక చాలామంది వణికిపోతున్నారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు, మైక్రోఫైనాన్స్ అప్పులకైతే పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కుదరదు. తిట్టడం, బెదిరించడం, చుట్టాలకి ఫోన్ చేసి పరువు తీయడం ఏ టైములోనూ కుదరదు. 2022 నుంచి ఉన్న ఇంకో నిబంధన, ఒక ఇంటి మీద నెలనెలా కట్టాల్సిన అప్పుల వాయిదాలన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటేలా మైక్రోఫైనాన్స్ అప్పు ఇవ్వకూడదు. సంఘంలో ఇంకో లోను తీసుకుందాం అనుకునే ముందు మీరే ఆ సగం లెక్క వేసి చూసుకోండి. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్చి పంపిస్తామని బెదిరిస్తే డబ్బు కట్టొద్దు, స్క్రీన్ షాట్లు తీసి పెట్టుకుని 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి.

మాట ఎలా మొదలుపెట్టాలి

"నీకు డిప్రెషనా?" అని అడిగితే మగవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. నిద్ర గురించి అడగండి. అది పరువు తక్కువ విషయం కాదు, ఎవరైనా జవాబు చెప్తారు.

"మామా, రాత్రిళ్ళు నిద్ర పడతా ఉండాదా నీకు?"

"యాడ పట్టేది పాపా. రెండింటికి మెలకువ వస్తాది, ఇంక అంతే."

"అప్పుడేం చేస్తావు?"

"ఏం చేసేది. వసారాలో కూర్చుంటా."

ఇక్కడ ఆగండి. వెంటనే "ఫోను పక్కన పెట్టు, పాలు తాగు" అనొద్దు. "కూర్చుని ఏం ఆలోచన చేస్తావు మామా?" అని అడిగి, తర్వాత మీరు మాట్లాడకుండా ఉండండి, ఎంతసేపైనా సరే. నోరు తెరవడానికి వాళ్ళకి టైము కావాలి. ఇది ఎదురెదురుగా కూర్చుని అడిగేదానికంటే పక్కపక్కన నడుస్తూనో, బండి మీద వెళ్తూనో, చెనక్కాయలు ఒలుస్తూనో అడిగితే తేలిగ్గా వస్తుంది.

నడక సంగతి కూడా ఇక్కడే చెప్తాను. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, ఒంటికే కాదు దిగులుకీ అది మేలు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కేయమని అనడం లేదు. మీ వీధిలోనో, ఎస్వీ యూనివర్సిటీ వైపో, ఇంకొకరితో కలిసి పొద్దున అరగంట. ఒక్కరే అయితే నాలుగో రోజు మానేస్తారు, ఎదురింటి మనిషి గేటు దగ్గర నిలబడి పిలిస్తే వెళ్తారు.

పిల్లలు బెంగళూరు, చెన్నై, అమెరికాల్లో ఉండి ఊర్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల సంగతి ఇంకోలా ఉంటుంది. రోజూ ఫోన్ చేసి "తిన్నారా, మాత్రలు వేసుకున్నారా" అని రెండు ప్రశ్నలు అడిగి పెట్టేస్తే వాళ్ళ ఒంటరితనం తగ్గదు. వాళ్ళకి ఏదో ఒక పని అప్పగించండి, ఎవరికి వడ్లు అమ్మాలో అడగండి, ఊరగాయ కొలతలు అడగండి. వాళ్ళ అవసరం ఇంకా ఉందని తెలియాలి. పెద్దవాళ్ళ కోసం 14567 అనే సహాయ నంబరు కూడా ఉంది.

గుడికి, దర్గాకి, చర్చికి వెళ్ళేవాళ్ళని ఆపొద్దు. గంగమ్మకు మొక్కుకుంటే మొక్కుకోనివ్వండి, అక్కడ నలుగురు మనుషులు దొరుకుతారు, ఆ తోడు తక్కువదేం కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించినా వాదించొద్దు. ఒక్క మాట మీద మాత్రం గట్టిగా నిలబడండి, ఎవరు చెప్పినా మాత్రలు ఆపేది లేదు, మనిషిని కట్టేసేది, కొట్టేది లేదు.

ఎప్పుడు ఆగకూడదు

రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులు, ఇంతకుముందు ఇష్టమైనవాటి మీద ఆసక్తి లేకపోవడం, దాంతోపాటు నిద్ర, ఆకలి, పని దెబ్బతింటే డాక్టరుకి చూపించాలి. "నేను లేకపోతేనే మీకు బాగుంటుంది" లాంటి మాట వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. "చచ్చిపోవాలనిపిస్తా ఉండాదా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నదాన్ని బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు, ఎక్కువ మాత్రలు ఇంట్లోంచి తీసేసి వేరేవాళ్ళ దగ్గర తాళం వేసి పెట్టించండి. చచ్చిపోవాలన్న ఆ ఉద్ధృతి చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. అపాయం అనిపిస్తే 108. మాట్లాడటానికి మానసిక సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. కేసవుతుందేమో అని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఉండొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు.

తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోండి. చిత్తూరు వాళ్ళు జిల్లా ఆసుపత్రిలో అడగొచ్చు, వేలూరు దగ్గర కాబట్టి సీఎంసీ వాళ్ళ బాగాయం మానసిక వైద్య కేంద్రానికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. నిన్నటి రోజు రాసిన కాగితం, వాడుతున్న మాత్రలన్నీ, పాత రిపోర్టులు పట్టుకెళ్ళండి. లోపల భయంతో సగం మరిచిపోతారు, కాగితం ఉంటే డాక్టరుకి అసలు సంగతి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. తాగుడు సంగతి, ఆకు మందుల సంగతి దాచొద్దు.

డిప్రెషన్ మాత్రలు వేసుకున్న రోజే పని చేయవు, తేడా కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి లాంటివి రావచ్చు, వస్తే డాక్టరుకి చెప్పాలి గాని ఆపేయకూడదు. కాస్త బాగయ్యాక కూడా సొంతంగా ఆపొద్దు. వీటికి బానిసలైపోతారన్నది అపోహ. అలవాటు పడే ప్రమాదం ఉన్నవి ఆల్ప్రజోలం లాంటి నిద్ర, కంగారు మాత్రలు, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొని నెలల తరబడి వాడేది వాటినే. రెండోసారి ఎప్పుడు రావాలో ఆ రోజే రాయించుకోండి, తోడు ఎవరు వస్తారో కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. మొదటిసారి ఇంటిల్లిపాదీ వస్తారు, రెండోసారికి కూలి పోతుందనో, బాగానే ఉన్నాడు కదా అనో ఎవరూ కదలరు, వైద్యం ఎక్కువగా తెగిపోయేది అక్కడే.